డ్రాక్యులా సినిమా, అసలు వ్లాడ్: అపోహలు - వాస్తవాలు

నేను డిగ్రీ కాలేజీలో ప్రపంచ చరిత్ర చెప్తాను. ఒట్టోమన్ తుర్కులు కాన్‌స్టాంటినోపుల్‌ను పట్టుకున్న 1453 దగ్గరికి పాఠం వచ్చేసరికి ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు డ్రాక్యులా సంగతి ఎత్తుతారు. వాళ్లు చూసింది ఎక్కువగా 2014లో వచ్చిన 'డ్రాక్యులా అన్‌టోల్డ్'. గ్యారీ షోర్ దర్శకుడు, ల్యూక్ ఎవాన్స్ హీరో. చిన్నప్పుడు సుల్తాన్‌కి బందీగా వెళ్లి, పెద్దయ్యాక వచ్చి శాంతంగా పాలించుకుంటున్న రాజు వ్లాడ్. సుల్తాన్ మెహ్మద్ మళ్లీ వెయ్యిమంది పిల్లల్ని ఇమ్మంటాడు. వాళ్లలో తన కొడుకునూ పంపాలనేసరికి వ్లాడ్ కొండగుహలోని రక్తపిశాచి దగ్గరికి వెళ్లి ఆ శక్తి తెచ్చుకుంటాడు. కథ ఇంతే.

సినిమాని సినిమాగా చూస్తే నాకు ఏ అభ్యంతరమూ లేదు. కానీ చూసినవాళ్లు దాన్నే చరిత్రగా పట్టుకుపోతున్నారు. వ్లాడ్ నిజంగా బతికిన రాజే, ఆయన మీద పదిహేనో శతాబ్దం నాటి ఆధారాలు చాలానే ఉన్నాయి. ఆయన స్వయంగా పంపిన ఉత్తరాలున్నాయి. శత్రువులు రాసినవీ, ఎదుటి సైన్యంలో నడిచినవాళ్లు రాసినవీ ఉన్నాయి. వాటిని పక్కన పెట్టుకుని చూస్తే సినిమాలోని మనిషి కంటే అసలు మనిషే ఎక్కువ భయపెడతాడు.

అపోహ: వ్లాడ్ ట్రాన్సిల్వేనియా రాజు.

వాస్తవం: కాదు. ఆయన ఏలింది వలాకియా. కార్పేతియన్ కొండలకు దక్షిణాన డాన్యూబ్ నది దాకా ఉన్న నేల అది. రాజధాని తిర్గోవిష్తె. కొండలకు ఉత్తరాన ఉన్న ట్రాన్సిల్వేనియా అప్పట్లో హంగరీ రాజు కింద ఉండేది. వ్లాడ్ పుట్టింది బహుశా ట్రాన్సిల్వేనియాలోని సిగిషోవారా ఊళ్లోనే, 1430 ప్రాంతంలో. ఏలుబడి మాత్రం వలాకియాదే. బ్రామ్ స్టోకర్ రాసిన 'డ్రాక్యులా' నవలలోని ప్రభువు కోట ట్రాన్సిల్వేనియాలో ఉండటంతో సినిమాలు వ్లాడ్‌ను కూడా అక్కడికే తీసుకుపోయాయి. టూరిస్టులు 'డ్రాక్యులా కోట' అని ఫొటోలు దిగే బ్రాన్ కోటదీ అదే కథ. బ్రషోవ్ పట్టణపు శాక్సన్ జర్మన్లు పద్నాలుగో శతాబ్దం చివర్లో సరిహద్దు కాపలాకీ, సుంకాల వసూలుకీ కట్టుకున్న కోట అది. వ్లాడ్ అక్కడ కాపురమున్న దాఖలా లేదు. ఆయన కోట చూడాలనుకుంటే అర్జెష్ లోయలో కొండ మీదున్న పొయెనారికి వెళ్లాలి. దాదాపు 1,480 మెట్లెక్కాక మిగిలింది శిథిలాలే. వ్లాడ్ పేరు చెప్పుకునే హక్కున్న కోట మాత్రం అదే.

అపోహ: ఆయన్ని చిన్నప్పుడు జానిసరీ సైనికుడిగా పెంచారు, కొరత వేయడం, అంటే మనిషిని మొనదేలిన కొయ్యకి గుచ్చి చంపడం, సుల్తాన్ సైన్యంలోనే నేర్చుకున్నాడు.

వాస్తవం: బందీగా ఉన్న మాట నిజం. 1442 ప్రాంతంలో తండ్రి రెండో వ్లాడ్ తన విధేయతకు పూచీగా ఇద్దరు కొడుకులు వ్లాడ్‌నూ, రాదునూ సుల్తాన్ రెండో మురాద్ దగ్గర వదిలాడు. కానీ జానిసరీ వేరు, రాజబందీ వేరు. సుల్తాన్ తన సొంత రాజ్యంలోని క్రైస్తవ కుటుంబాల నుంచి పిల్లల్ని తీసుకుని, మతం మార్చి, సైనికులుగా పెంచితే వాళ్లు జానిసరీలు. సామంతరాజు కొడుకుని కాపలాలో ఉంచుకునేది అతన్నే రేపు గద్దెనెక్కించవచ్చన్న లెక్కతో. ఇక కొరత వేయడం తుర్కులు కనిపెట్టిందేమీ కాదు. క్రీస్తుకు ఏడు వందల ఏళ్ల ముందే అస్సీరియా రాజులు ఆ శిక్షను రాతిగోడల మీద చెక్కించుకున్నారు. వ్లాడ్ కాలానికి చుట్టుపక్కల రాజ్యాల్లోనూ అది తెలిసిన శిక్షే.

సినిమా చెప్పని అసలు సంగతి ఇంకోటుంది. 1447 చివర్లో వ్లాడ్ తండ్రి హత్యకు గురయ్యాడు. అన్న మిర్చానూ తిర్గోవిష్తెలో చంపేశారు. ఈ రెండు చావుల వెనకా ఉన్నది హంగరీ సేనాని హున్యాది, ఆయనతో చేతులు కలిపిన వలాకియా ప్రభువర్గం. మరుసటి ఏడు వ్లాడ్ మొదటిసారి గద్దె మీదికి వచ్చింది ఒట్టోమన్ల అండతోనే. రెండు నెలలు కూడా నిలవలేదు. మళ్లీ 1456లో వచ్చినప్పుడు హంగరీ వైపు నుంచి వచ్చాడు. రెండు పెద్ద రాజ్యాల మధ్య చిక్కుకున్న చిన్న రాజ్యపు వారసుడు ఏ వైపు గాలి వీస్తే ఆ వైపు నుంచి దారి వెతుక్కున్నాడు. తుర్కులు చెడ్డవాళ్లు, వ్లాడ్ క్రైస్తవ రక్షకుడు అన్న సినిమా గీత ఈ ఒక్క సంగతితోనే చెరిగిపోతుంది.

అపోహ: పిల్లల్ని పంపమన్న మాట పూర్తిగా సినిమావాళ్ల కల్పన.

వాస్తవం: ఇక్కడ సినిమాకి కొంత ఆధారముంది. ఆ కాలపు గ్రీకు చరిత్రకారుడు దూకాస్ రాసినదాని ప్రకారం సుల్తాన్ మెహ్మద్ కప్పంగా 10,000 బంగారు నాణేలూ, 500 మంది బాలురనూ అడిగాడు. సినిమా ఆ అంకెను రెట్టింపు చేసి, హీరో కొడుకుని అందులో కలిపింది. వలాకియా లాంటి సామంత రాజ్యాల నుంచి పిల్లల్ని తీసుకోవడం మామూలుగా జరిగేది కాదు, కాబట్టి దూకాస్ మాటని కొందరు చరిత్రకారులు పూర్తిగా నమ్మరు. కప్పం ఆగిపోయిన సంగతి, మాట్లాడటానికి వచ్చిన హంజా బే, గ్రీకు కార్యదర్శి తోమస్ కతవొలినోస్‌లను వ్లాడ్ పట్టుకుని కొరత వేయించిన సంగతి మాత్రం స్పష్టంగా ఉన్నాయి. హంజా హోదాకి తగ్గట్టు అతని కొరతను మిగతావాటికంటే ఎత్తుగా నాటించాడట.

అపోహ: వ్లాడ్ చేసిందంతా తప్పనిసరై చేశాడు. ప్రజల్ని కాపాడుకోవడానికి వేరే దారి లేకపోయింది.

వాస్తవం: సినిమాతో నాకున్న అసలు పేచీ ఇక్కడే. ఒక ఊరిని కొరత వేస్తే పది ఊళ్లు బతికాయని హీరో చేత ఒక మాట చెప్పించి, అంతటి హింసనీ పాత గాయంలా దాటేస్తారు. తర్వాత పిశాచ శక్తి వస్తుంది, అక్కడి నుంచి చంపేది గబ్బిలాల గుంపు. మనిషి తీసుకున్న నిర్ణయాలు కనబడకుండా పోతాయి.

1462 ఫిబ్రవరి 11న వ్లాడ్ హంగరీ రాజు మథియాస్‌కి పంపిన ఉత్తరాన్ని తీసుకుందాం. ఆ చలికాలంలో డాన్యూబ్ గడ్డకట్టగానే ఆయన సైన్యం నది దాటి, అవతలి ఒడ్డున ఊరి తర్వాత ఊరిని తగలబెట్టుకుంటూ పోయింది. ఉత్తరంలో ఊళ్ల పేర్లున్నాయి, ఒక్కో ఊరికీ ఎదురుగా చంపినవాళ్ల లెక్కుంది. జుర్జు దగ్గర రెండు ఒడ్డులా కలిపి 6,414. మొత్తం 23,884 మంది తుర్కులు, బల్గేరియన్లు. ఇళ్లలో కాలిపోయినవాళ్లనీ, తలలు తెచ్చి అధికారులకు చూపించనివాళ్లనీ ఈ లెక్కలో కలపలేదని కూడా రాశాడు. సాక్ష్యంగా తలలు, ముక్కులు, చెవులు సంచుల్లో పంపాడు. మగా ఆడా, చిన్నా పెద్దా అన్న తేడా లేకుండా చంపామని తానే చెప్పుకున్నాడు. ఆ బల్గేరియన్లలో ఎక్కువమంది ఆయన మతంవాళ్లే, సుల్తాన్ పాలనలో బతుకుతున్న మామూలు రైతులు.

ఆ ఉత్తరంలో కోపం కనబడదు. ఉన్నదల్లా లెక్క. సాయానికి సైన్యం పంపమని మథియాస్‌ను అడగడానికి తన పనితనం చూపించుకుంటున్నాడు. నేను క్లాసులో ఈ ఉత్తరం చదివి వినిపించిన రోజున పిశాచం గురించి ఇంక ఎవరూ అడగరు.

ఆ ఏడాది వేసవిలో మెహ్మద్ పెద్ద సైన్యంతో స్వయంగా వచ్చాడు. ఎదురెదురుగా నిలిచే బలం వ్లాడ్‌కి లేదు. వెనక్కి తగ్గుతూ తన పంటలనే కాల్పించాడు, బావుల్లో విషం కలిపించాడు, జనాన్ని అడవుల్లోకి తోలించాడు. జూన్ 17 రాత్రి తిర్గోవిష్తె సమీపంలో సుల్తాన్ శిబిరం మీద పడ్డాడు. గురి సుల్తాన్ గుడారమే, కానీ చీకట్లో వజీర్ల గుడారాల వైపు వెళ్లిపోయారని అంటారు. ఇది నిజంగా జరిగిన దాడి. ఒట్టోమన్ల వైపు నడిచిన సెర్బియా జానిసరీ కాన్‌స్టాంటిన్ మిహైలోవిచ్ తర్వాత రాసుకున్న జ్ఞాపకాల్లో ఆ రాత్రుల భయం తెలుస్తుంది. ఏ పిశాచమూ లేని ఆ ఒక్క రాత్రిని ఉన్నదున్నట్టు తీస్తే రెండు గంటల సినిమా అవుతుంది.

దాడి తర్వాత సైన్యం ముందుకు కదిలినప్పుడు కనిపించినదాన్నే ఇప్పుడందరూ 'కొరతల అడవి' అంటున్నారు. గ్రీకు చరిత్రకారుడు చాల్కోకొండిలెస్ దాని కొలతలు కూడా ఇచ్చాడు: 17 స్టేడియాల పొడవు, 7 స్టేడియాల వెడల్పు. అంటే ఇంచుమించు మూడు కిలోమీటర్లకి ఒకటింబావు. అందులో 20,000 మంది మగవాళ్లు, ఆడవాళ్లు, పసిపిల్లలు. అంకె పెద్దది చేసి ఉండవచ్చు, ఆయన కళ్లారా చూసినవాడు కాదు. కానీ దృశ్యం కల్పన అనుకోవడానికి వీల్లేదు.

అపోహ: ఆ అడవి చూసి సుల్తాన్ పారిపోయాడు. చివరికి వ్లాడ్ అతన్ని చంపాడు.

వాస్తవం: సినిమాలో వెండి నాణేలు పరిచిన గుడారంలో మెహ్మద్ చస్తాడు. చరిత్రలో మెహ్మద్ 1481 దాకా బతికాడు, వ్లాడ్ కంటే నాలుగేళ్లు పైనే. సుల్తాన్ వెనుదిరిగినప్పుడు అక్కడ వదిలి వెళ్లిన మనిషి పేరు రాదు, వ్లాడ్ సొంత తమ్ముడు. ఇద్దరూ ఒకేసారి బందీలుగా వెళ్లినవాళ్లే. తమ్ముడు అక్కడే ఇమిడిపోయాడు. రాదు పెద్ద యుద్ధమేమీ చెయ్యక్కర్లేకపోయింది. అన్న దగ్గర బతకడం కష్టమని తేలిన ప్రభువులు ఒక్కొక్కరే వచ్చి చేరారు. కొద్ది నెలల్లో వ్లాడ్ రాజ్యం పోయింది. భయం పెట్టి నిలబెట్టుకున్న గద్దె ఆరేళ్లకి మించి నిలవలేదు.

సాయం కోసం కొండలు దాటి మథియాస్ దగ్గరికి పోతే మథియాస్ ఆయన్ని పట్టించి ఖైదులో పెట్టాడు. సుల్తాన్‌తో కుమ్మక్కయినట్టు కొన్ని ఉత్తరాలు చూపించారు, అవి దొంగ ఉత్తరాలని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. పన్నెండేళ్లకి పైగా హంగరీలో బందీగా ఉండి, 1476 చివర్లో మూడోసారి గద్దెనెక్కి, కొద్ది వారాల్లోనే యుద్ధంలో చచ్చిపోయాడు. తల కాన్‌స్టాంటినోపుల్‌కి వెళ్లింది.

రాదు సినిమాలో లేడు. అన్నదమ్ముల పోరు తీసేస్తే ఈ కథలో మిగిలేది ఒక మంచి రాజు, ఒక చెడ్డ సుల్తాన్ మాత్రమే.

అపోహ: ఈ క్రూరత్వం కథలన్నీ జర్మన్లు పుట్టించిన అబద్ధాలు.

వాస్తవం: ఈ వాదన ఇప్పుడు నెట్‌లో బాగా తిరుగుతోంది. సగం నిజం ఉంది కనక జాగ్రత్తగా చూడాలి. బ్రషోవ్, సిబియు పట్టణాల శాక్సన్ వర్తకులకీ వ్లాడ్‌కీ వ్యాపార హక్కుల దగ్గర తగువు. వాళ్లు ఆయన పోటీదారులకి ఆశ్రయమిచ్చారు, ఆయన వాళ్ల ఊళ్ల మీద పడ్డాడు. వ్లాడ్‌ని ఖైదు చేసిన మథియాస్‌కీ ఆ అరెస్టును సమర్థించుకోవాల్సిన అవసరం ఉంది, అందులోనూ తుర్కుల మీద యుద్ధానికని పోప్ దగ్గర డబ్బు తీసుకుని ఉన్నాడు. 1463 నుంచే జర్మన్‌లో వ్లాడ్ కథలు తిరగడం మొదలైంది. అచ్చు యంత్రం అప్పుడే కొత్త. 1488 నుంచి ఆ కథలు చిన్న పుస్తకాలుగా అచ్చయి బాగా అమ్ముడుపోయాయి.

1499లో న్యూరెంబర్గ్‌లో అచ్చయిన పుస్తకం మీద ఒక చెక్క అచ్చు బొమ్మ ఉంది. వ్లాడ్ బల్ల ముందు కూర్చుని భోంచేస్తుంటాడు. ఎదురుగా ఒకడు గొడ్డలితో మనుషుల్ని ముక్కలు చేస్తుంటాడు. వెనక కొరతలు, వాటి మీద మనుషులు. ఇవాళ్టి పోస్టర్ చెయ్యాల్సిన పనే ఆ బొమ్మ చేసింది, దారినపోయేవాణ్ని ఆపి కొనిపించింది. అందులోనూ ఆయన తింటున్నది భోజనమే, రక్తం కాదు.

కాబట్టి జర్మన్ పుస్తకాల్లోని అంకెలు నేను నమ్మను. కానీ జర్మన్‌తో సంబంధం లేని సాక్ష్యాలూ ఉన్నాయి. 1462 దండయాత్రలో ఉన్న ఒట్టోమన్ చరిత్రకారుడు తుర్సున్ బే, గ్రీకు రచయితలు, 1480లలో స్లావిక్ భాషలో పుట్టిన కథలు, అన్నీ ఒకే శిక్ష గురించి చెప్తాయి. స్లావిక్ కథల్లో ఆయన క్రూరుడే కానీ న్యాయం తప్పనివాడు. ఊరి బయట చెలమ దగ్గర బంగారు గిన్నె పెట్టిస్తే ఆయన బతికున్నన్నాళ్లూ దాన్ని ఎత్తుకుపోయే ధైర్యం ఎవరికీ లేకపోయిందంటాయి. మెచ్చుకునేవాళ్లూ, తిట్టేవాళ్లూ, కొలువు కోసం రాసేవాళ్లూ ఒకే సంగతి చెప్తుంటే దాన్ని కొట్టిపారేయలేం. అన్నిటికీ మించి పైన చెప్పిన ఆయన సొంత ఉత్తరం ఉంది.

దేశభక్తి వైపు నుంచి కూడా ఇదే తప్పు జరిగింది. 1979లో రొమేనియాలోనే 'వ్లాడ్ త్సెపెష్' (కొరత వేసే వ్లాడ్) అని ఒక సినిమా తీశారు, డోరు నస్తాసె దర్శకుడు. పిశాచం జోలికే పోలేదు, రాజకీయం చూపించింది, ఆ మేరకు హాలీవుడ్ కంటే ఎంతో మేలు. కానీ అది రొమేనియా నియంత చౌషెస్కు కాలం. కఠినంగా ఉండే నాయకుడే దేశానికి కావాలన్న మాట ప్రతి సీన్ వెనకా వినబడుతుంది.

అపోహ: బ్రామ్ స్టోకర్ వ్లాడ్ జీవితం చదివి 'డ్రాక్యులా' రాశాడు.

వాస్తవం: స్టోకర్ నవల 1897లో వచ్చింది. ఆయన రాసుకున్న నోట్సు ఫిలడెల్ఫియాలోని రోజెన్‌బాక్ మ్యూజియంలో ఇప్పటికీ ఉంది. అందులో పాత్రకి మొదట పెట్టుకున్న పేరు 'కౌంట్ వాంపిర్'. 1890 వేసవిలో విట్‌బీ ఊరి లైబ్రరీలో విలియం విల్కిన్సన్ 1820లో వలాకియా, మోల్డేవియాల మీద రాసిన పుస్తకం తిరగేస్తుంటే 'డ్రాక్యులా' అన్న పేరు తగిలింది. ఆ పేరుకి అక్కడి భాషలో సైతాను అని అర్థమని కింద ఇచ్చిన వివరణ ఆయనకి నచ్చింది. నోట్సులో వ్లాడ్ అన్న పేరు లేదు, కొరత మాట లేదు. స్టోకర్ ఎప్పుడూ ఆ ప్రాంతానికి వెళ్లలేదు.

పేరు మాత్రం వ్లాడ్‌దే. తండ్రి 1431లో క్రైస్తవ యోధుల 'డ్రాగన్ కూటమి'లో చేరి డ్రాకుల్ అనిపించుకున్నాడు. ఆయన కొడుకు కాబట్టి డ్రాక్యులా. వ్లాడ్ కొన్ని ఉత్తరాల కింద ఆ పేరుతోనే సంతకం చేశాడు. అంటే ఆయన దాన్ని తిట్టుగా తీసుకోలేదు.

వ్లాడ్‌నూ నవలలోని ప్రభువునూ ఒకే మనిషిగా జనంలోకి తీసుకెళ్లింది 1972లో రాదు ఫ్లోరెస్కు, రేమండ్ మెక్‌నాలీ రాసిన పుస్తకం. తర్వాత 1992లో కొప్పోలా సినిమా మొదటి నిమిషాల్లోనే 1462 యుద్ధాన్ని చూపించి ఆ ముడి బిగించింది. ఆ సినిమా పేరులోనే బ్రామ్ స్టోకర్ ఉన్నాడు, ఆ యుద్ధం సీన్లు మాత్రం ఆయన నవలలో లేవు.

నవల చదవనివాళ్ల కోసం ఇంకో రెండు సంగతులు. నవలలో డ్రాక్యులా పట్టపగలు లండన్ వీధుల్లో తిరుగుతాడు, శక్తి తగ్గుతుందంతే. ఎండ తగిలితే చావడమన్నది 1922 నాటి జర్మన్ మూకీ సినిమా 'నోస్‌ఫెరాటు' పెట్టిన ముగింపు. అలాగే నవలలో అతన్ని చంపేది గుండెలో దిగిన మేకు కాదు. ఒకరు గూర్ఖాల కుక్రీతో గొంతు కోస్తే, ఇంకొకరు వేటకత్తి గుండెలో దింపుతారు.

అపోహ: బతికున్నప్పుడే జనం ఆయన్ని రక్తపిశాచి అనుకునేవారు.

వాస్తవం: ఆయన కాలపు రాతల్లో ఎక్కడా లేదు, బద్ధశత్రువులు కూడా అనలేదు. రొమేనియా పల్లెల్లో చనిపోయి తిరిగొచ్చే 'స్ట్రిగోయ్'ల గురించి బోలెడు నమ్మకాలున్నాయి, వాటిలో వ్లాడ్ లేడు. పశ్చిమ ఐరోపాకి రక్తపిశాచుల వార్తలు వెళ్లింది ఆయన పోయాక రెండున్నర శతాబ్దాలకి, సెర్బియా పల్లెల నుంచి. 1725లో కిసిల్యెవో అనే ఊళ్లో, 1732 మొదట్లో మెద్వెజాలో శవాలను తవ్వి తీశారు. ఆస్ట్రియా సైన్యపు డాక్టర్లు, అధికారులు రిపోర్టులు రాశారు. శవం ఉబ్బి ఉంది, నోటి దగ్గర రక్తం ఉంది, గోళ్లు పెరిగినట్టున్నాయి. పాతిపెట్టిన శవంలో గ్యాసులు పుట్టి ఒళ్లు ఉబ్బుతుంది, లోపలి ద్రవాలు నోట్లోకి తోసుకొస్తాయి, చర్మం ముడుచుకుని గోళ్లు పొడుగ్గా కనిపిస్తాయి. ఊళ్లో జబ్బు పాకి వరసగా మనుషులు పోతున్నప్పుడు భయపడినవాళ్లకి ఈ సంగతులు ఎవరు చెప్తారు? చివరికి 1755లో మహారాణి మారియా థెరీసా తన వైద్యుడు వాన్ స్వీటెన్ నివేదిక చూసి ఇలా శవాలు తవ్వడాన్ని నిషేధించింది.

అపోహ: వ్లాడ్ రక్తపు కన్నీరు కార్చేవాడని సైన్సే తేల్చింది.

వాస్తవం: 2023లో ఈ వార్త మన దగ్గర కూడా తిరిగింది. ఇటలీ పరిశోధకులు వ్లాడ్ పంపిన పాత ఉత్తరాల కాగితం మీది ప్రోటీన్లను తీసి పరీక్షించారు. దొరికినవాటిని బట్టి ఆయనకి శ్వాసకోశాల, చర్మపు సమస్యలుండవచ్చనీ, కన్నీటిలో రక్తం వచ్చే జబ్బు కూడా ఉండవచ్చనీ రాశారు. 'ఉండవచ్చు' అన్నదే వాళ్ల మాట. అయిదు వందల ఏళ్లుగా ఆ కాగితాలు రాయసగాళ్లు, వార్తాహరులు, అధికారులు, పరిశోధకులు ఎందరి చేతుల్లోంచో వచ్చాయి. ఎవరి ప్రోటీన్ ఏదో నిక్కచ్చిగా చెప్పడం కష్టమని ఆ పరిశోధకులే ఒప్పుకున్నారు. హెడ్డింగ్ పెట్టినవాళ్లు ఆ వాక్యం దాకా రాలేదు. ఒకవేళ ఆ జబ్బు ఉన్నా అది కళ్లకి సంబంధించినది, రక్తం తాగడంతో దానికి ఏ సంబంధమూ లేదు.